హెడ్ దించకముందే కూలెంట్‌ను సీసాలో పట్టండి

ప్రశ్న: మాది చంద్రగిరి. ఎనిమిదేళ్ల డీజిల్ కారు ఉంది. ఏప్రిల్‌లో తిరుపతిలోని ఒక షెడ్డులో సర్వీసింగుకు ఇచ్చాను. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చారు, రేడియేటర్ పై పైపు కొత్తది వేశారు. 9,400 రూపాయలు ఫోన్‌లో పంపాను, బిల్లు ఇవ్వలేదు. పద్దెనిమిది రోజుల తర్వాత కుటుంబంతో కొండకు వెళ్తుంటే, రెండో ఘాట్‌లో సగం ఎక్కామో లేదో, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు చేరింది. చల్లారాక చూస్తే కూలెంట్ డబ్బాలో పాలు కలిపిన కాఫీలా ఉంది. బండిని లాగించి అదే షెడ్డుకు చేర్చాం. 'హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి, 68,000 అవుతుంది, పాత బండి కదా సార్' అంటున్నారు. వేరే మెకానిక్ మాత్రం వీళ్ల పని వల్లే అయిందంటున్నాడు. బండి తీసుకెళ్తానంటే రోజుకు 300 చొప్పున పార్కింగ్ కట్టమంటున్నారు. కేసు వేయొచ్చా? ఒక పాఠకుడు

జవాబు: వేయొచ్చు. గెలుస్తారా లేదా అన్నది మాత్రం ఈ వారం మీరేం చేస్తారో దాన్ని బట్టి ఉంటుంది.

నా ఆఫీసుకు ఇలాంటి కేసుతో ఎవరొచ్చినా నేనడిగే మొదటి మాట: హెడ్ ఇంకా దించలేదు కదా? హెడ్ అంటే ఇంజిన్ పై భాగం. దానికీ కింది భాగానికీ మధ్య ఉండి, నూనె, కూలెంట్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపే పొరే గ్యాస్కెట్. చాలామంది అన్నీ అయ్యాకే వస్తారు. హెడ్ దించేసి ఉంటారు, కొత్త గ్యాస్కెట్ వేసి ఉంటారు, పాత కూలెంట్ షెడ్డు ముందు కాలవలో కలిసిపోయి ఉంటుంది. చేతిలో బిల్లు ఒక్కటే మిగులుతుంది. ఎంత ఖర్చయిందో బిల్లు చెబుతుంది కానీ తప్పెవరిదో చెప్పదు. మీ బండి ఇంకా విప్పలేదు కాబట్టి మీరు వాళ్లకంటే నయం.

ఈ కేసులో తేలాల్సిందల్లా ఏది ముందు జరిగిందన్నదే. ఇంజిన్ వేడెక్కి గ్యాస్కెట్ పోయిందా, గ్యాస్కెట్ ముందే పోయి ఉండి ఇంజిన్ వేడెక్కిందా? కొత్త పైపు క్లిప్పు సరిగా బిగించకపోతే కూలెంట్ కొంచెం కొంచెంగా కారిపోతుంది. కూలెంట్ పోశాక లోపలి గాలి పూర్తిగా తీయకపోయినా ఇబ్బందే. చంద్రగిరి నుంచి తిరుపతికి రోజూ తిరిగినా అది బయటపడకపోవచ్చు. బండి నిండా జనం, ఏసీ, కింది గేరు, ఎండాకాలం ఘాట్ రోడ్డు కలిశాయంటే బయటపడుతుంది. అతివేడికి అల్యూమినియం హెడ్ వంగి గ్యాస్కెట్ దెబ్బతింటుంది. అలా జరిగిందని తేలితే తప్పు షెడ్డుదే.

గ్యాస్కెట్ సర్వీసింగుకు ముందే పోయి ఉంటే? అప్పుడు షెడ్డు తప్పించుకున్నట్టే అనుకుంటారు అందరూ. నేనలా అనుకోను. ఏప్రిల్‌లో పాత కూలెంట్ వంచినవాళ్లు వాళ్లే. అందులో నూనె తేలుతుంటే కంటికి కనపడి తీరాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సేవాలోపం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో, తెలిసిన ముఖ్యమైన సంగతిని కావాలని చెప్పకుండా దాచడం కూడా ఉంది. సెక్షన్ 2(11) చూడండి. వాళ్లు చూశారని రుజువు చేయడం తేలిక కాదు, కానీ 'ముందే పోయింది సార్' అని వాళ్లంతట వాళ్లే అంటే ఆ మాట వాళ్లకే అడ్డం తిరుగుతుంది. అందుకే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇంకొకటి ఉంది, దాన్ని మెకానిక్‌లు కూడా ఒక్కోసారి మరిచిపోతారు. కూలెంట్‌లో నూనె కలిసినంత మాత్రాన హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు కాదు. చాలా డీజిల్ ఇంజిన్లకు ఆయిల్ కూలర్, అంటే ఇంజిన్ నూనెను కూలెంట్‌తో చల్లబరిచే భాగం, ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు నూనె ఒత్తిడి కూలెంట్ ఒత్తిడి కంటే ఎక్కువ కాబట్టి, కూలర్ లోపల చిన్న చీలిక వచ్చినా నూనె కూలెంట్‌లోకి వచ్చేస్తుంది. ఆయిల్ గేజీ పుల్ల తీసి చూస్తే మాత్రం నూనె శుభ్రంగానే ఉండొచ్చు. కూలర్ మార్చడానికి హెడ్ దించక్కర్లేదు. కాబట్టి 68,000 అన్నవాళ్లను ఏ పరీక్ష చేసి గ్యాస్కెట్ అని తేల్చారో అడగండి. కూలెంట్ డబ్బా మీద పెట్టి చేసే గ్యాస్ పరీక్ష ఒకటి ఉంటుంది. అందులోని నీలం ద్రవం రంగు మారితే, సిలిండర్‌లో మండిన వాయువులు కూలెంట్‌లోకి వస్తున్నాయని అర్థం. పంపుతో ఒత్తిడి పెట్టి, ముల్లు దిగుతుందా అని చూసే పరీక్ష కూడా ఉంది. ఇవేవీ చేయకుండా చెప్పింది ఊహే.

ఇక సీసా సంగతి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి, వేడి మీద తీస్తే మొహం మీదికి చిమ్ముతుంది. శుభ్రమైన రెండు సీసాల్లో కూలెంట్ పట్టి, సీలు వేసి, తేదీ, బండి నంబరు రాసి, అక్కడున్న ఇద్దరి సంతకాలు పెట్టించండి. ఒకటి షెడ్డువాళ్లకు ఇవ్వండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. రంగు కూడా సాక్ష్యమే. పాల కాఫీ రంగుంటే నూనె కలిసింది. తుప్పు రంగులో ఉంటే కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి వదిలేశారేమో చూడాలి. జిగురులా ముద్దకట్టి ఉంటే, ఒకదానికొకటి పడని రెండు రకాల కూలెంట్లు కలిసి ఉండొచ్చు. సీసాను పిల్లలకు, కుక్కలకు అందని చోట పెట్టండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం.

తర్వాత షెడ్డుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలానా రోజు, ఫలానా టైముకు, మీ మెకానిక్, మా మెకానిక్ ఇద్దరి ఎదుటే బండి విప్పి చూద్దాం, అంతవరకు దేన్నీ ముట్టుకోవద్దు, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను స్కానర్‌తో చెరపొద్దు, బ్యాటరీ తీయొద్దు అని రాయండి. ఇన్సూరెన్స్ నష్టాలు అంచనా వేసే లైసెన్సు ఉన్న సర్వేయర్‌ను ఆ రోజుకు పిలుచుకోగలిగితే ఇంకా మంచిది. అతని రిపోర్టుకున్న బరువు మన మెకానిక్ నోటిమాటకు ఉండదు. షెడ్డువాళ్లు రాకపోతే వీడియో తీసుకుంటూ విప్పించండి. రాలేదన్నది కూడా మీకే ఉపయోగం.

కోడ్‌ల గురించి ఎందుకు చెప్పానంటే, చాలా బండ్లలో ఫాల్ట్ కోడ్‌తో పాటు ఆ క్షణంలో కూలెంట్ ఎంత వేడిగా ఉందో, బండి ఎంత వేగంతో పోతోందో నమోదవుతుంది. అది మీకు సాయపడొచ్చు, మీ మీదికే రావొచ్చు. ముల్లు ఎర్ర గీతకు చేరాక ఎంత దూరం నడిపారో మీరు రాయలేదు. వెంటనే ఆపి ఉంటే సరే. 'పైకి చేరిపోతాంలే' అని ఇంకో రెండు కిలోమీటర్లు లాగి ఉంటే, నష్టంలో మీ వాటా కూడా ఉందని అవతలి లాయరు వాదిస్తాడు. మీ లాయరుకైనా ఆ సంగతి దాచకండి.

కేసు వేసేది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చాక, మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 9,400 మాత్రమే కాబట్టి ఫీజు లేదు. 5 లక్షల వరకు అంతే. సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. మూడు నెలల్లో, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. నేను మాత్రం నా కక్షిదారులకు ఏడాది పైనే పడుతుందని చెప్పుకుంటాను. కోర్టుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి, ఖర్చులేని పని.

బిల్లు లేదని టెన్షన్ పడొద్దు. అడిగినా బిల్లు ఇవ్వకపోతే దాన్ని కూడా అనుచిత వ్యాపార పద్ధతిగా ఫిర్యాదులో చేర్చండి. ఫోన్ చెల్లింపు రికార్డు, వాట్సాప్ మెసేజీలు చాలు. వాటిని ప్రింటు తీసి పెట్టేటప్పుడు ఎలక్ట్రానిక్ రికార్డులకు అవసరమైన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయించండి, అవతలివాళ్లకు వేలెత్తి చూపే సందు ఉండదు. బండి లాగించిన ఖర్చు, ఆటోలకు, క్యాబ్‌లకు పెట్టిన డబ్బు రసీదులన్నీ దాచండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు ఫుల్ పాలసీలో యంత్ర లోపాలు రావు.

పార్కింగ్ కట్టమనడం విషయానికి వస్తే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం మెకానిక్ తాను చేసిన పనికి రావాల్సిన కూలి అందేదాకా బండి ఆపుకోవచ్చు. ఆ హక్కు పనికే, జాగా అద్దెకు కాదు. ఏప్రిల్ పనికి డబ్బు ఇచ్చేశారు, ఇప్పుడు వాళ్లు చేసింది చూడటమే. ముందుగా ఒప్పుకొని ఉంటే తప్ప రోజుకు 300 అడిగే హక్కు లేదు. నోటీసులోనే ఈ సంగతి రాయండి. అప్పటికీ ఇవ్వకపోతే, ఫిర్యాదుతో పాటు బండి అప్పగించమని మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు.

నోటీసు అందాక చాలా షెడ్డులు బేరానికి వస్తాయి. 'కూలి మాది, సామాను మీది' అంటే తొందరపడి కాదనకండి. ముందు ఇద్దరి ఎదుటా విప్పించి, ఆయిల్ కూలరా గ్యాస్కెటా తేల్చుకోండి, అప్పుడు బేరమాడండి. సామానులో సగమైనా వాళ్లే భరిస్తామని, చేసిన పనికి ఆరు నెలల గ్యారంటీ ఇస్తామని కాగితం మీద రాసి సంతకం పెడితే, మీ స్థానంలో నేనుంటే ఒప్పుకుంటాను.