రాత్రిపూట ఏసీ ఆపేసే ఆపరేషన్ థియేటర్‌లో ఫ్యూమిగేషన్ నిలవదు

"మా నాన్నగారికి మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. తీరా ముందురోజు ఫోన్ చేసి, థియేటర్ పైకప్పు దగ్గర బూజు కనిపించిందనీ, ఫ్యూమిగేషన్ చేసి, అంటే మందు ఆవిరి పట్టించి, రెండు రోజుల్లో తెరుస్తామనీ చెప్పారు. నమ్మి వెళ్ళవచ్చా?" అన్నది మీ ప్రశ్న.

కోస్తాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి నర్సుగా పనిచేసినదాన్ని కనుక, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. చూసీ చూడనట్లు ఊరుకోకుండా ఆపరేషన్ వాయిదా వేసినందుకు ఆ ఆసుపత్రివారిని నేను గౌరవిస్తాను. రెండు రోజుల్లో తెరుస్తామన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. బూజు ఎక్కడ పుట్టిందో కనుక్కోవడానికే ఆ రెండు రోజులు సరిపోవు.

మా దగ్గర జరిగినదే చెబుతాను. వారమంతా ముసురు పట్టి ఎండ మొహం కనిపించని శ్రావణమాసం అది. ఆదివారం థియేటర్‌కు సెలవు. సోమవారం పొద్దున్నే ఆ రోజు ఆపరేషన్ల లిస్టుకు సిద్ధం చేద్దామని తలుపు తీసేసరికి, స్పిరిట్ వాసన రావలసిన చోట, తడిసి ఆరని బట్టల మూట విప్పినట్టు ముక్కిన వాసన కొట్టింది. లైట్లన్నీ వేసి చూస్తే, ఆపరేషన్ టేబుల్‌కు సరిగ్గా పైన, గాలి వచ్చే గ్రిల్ అంచు పొడవునా సన్నని నల్లని చుక్కలు కనిపించాయి. గ్రిల్ పక్కనున్న ఫాల్స్ సీలింగ్ పలక గోధుమరంగు మరకతో ఉబ్బి ఉంది. స్టూలు ఎక్కి, ఫోర్సెప్స్‌తో గాజుగుడ్డ పట్టుకుని తుడిస్తే నలుపు అంతా గుడ్డకు అంటుకుంది కానీ, తుడిచిన చోటే కాసేపటికి మళ్ళీ చెమ్మ ఊరడం మొదలైంది.

"సిస్టర్, తుడిపించేసి ఫార్మలిన్ పెట్టించండి, మధ్యాహ్నానికి మొదలుపెడదాం" అన్నారు మా పెద్ద డాక్టరుగారు. అప్పటికే వార్డులో పేషెంట్లు సిద్ధంగా ఉన్నారు. తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడ కోడలు నా దగ్గరకు వచ్చి, "మా అత్తగారు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదండీ, ఇప్పుడు లేదంటే ఎలా సిస్టర్‌గారూ?" అని నిలదీశారు. ఆ కోపం న్యాయమైనదే. అయినా నేను డాక్టరుగారితో, "ఏసీ ప్లాంటు విప్పి చూడకుండా ఈ టేబుల్ మీద ఎవరినీ పడుకోబెట్టవద్దు సార్" అని స్పష్టంగా చెప్పాను. ఆయన తల ఎత్తి గ్రిల్ వైపు కొంతసేపు చూశారు. తరవాత ఆ పెద్దావిడను వేరే ఆసుపత్రికి పంపే ఏర్పాటు స్వయంగా చేసి, మిగతా లిస్టు రద్దు చేశారు. ఆదాయం పోతుందని తెలిసి కూడా ఆ నిర్ణయం తీసుకున్నందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

ఏసీ ప్లాంటు మేడ మీద చిన్న గదిలో ఉండేది. మెకానిక్ వయసులో పెద్దాయన, పని తెలిసినవాడు. "లిస్టు అయిపోగానే కట్టేస్తామమ్మా. కరెంటు బిల్లు తగ్గించమని ఆఫీసులో చెప్పారు. ఆదివారం అసలే వెయ్యం" అంటూ యూనిట్ పక్క తలుపు విప్పాడు. గాలిని చల్లబరిచే కాయిల్ కింద నీరు పట్టే ట్రే నిండా నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీరు బయటకు పోవలసిన గొట్టం పాకుడుతో పూడుకుపోయింది. కాయిల్ రేకుల మధ్య నల్లని జిగురు పొర పేరుకుంది. గాలిని తోసే బ్లోయర్‌నూ, ఆ గాలి థియేటర్‌కు వెళ్ళే డక్టునూ కలిపే కాన్వాసు గుడ్డ మీద వేలు పెడితే వేలు తడిసింది. అయితే సర్వీసు రిజిస్టర్లో మాత్రం వేళ తప్పకుండా చేసినట్టు సంతకాలన్నీ ఉన్నాయి. థియేటర్లలో బూజు గురించి మాట్లాడేవారు గోడలూ నేలా చూస్తారు గానీ, మేడ మీదికి ఎక్కి ఆ ట్రే చూసే యాజమాన్యాన్ని నేను చాలా అరుదుగా చూశాను.

రాత్రి ఏసీ ఆపితే ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. థియేటర్‌లో పగలంతా 20 డిగ్రీల దగ్గర చల్లదనం ఉంటుంది కనుక గ్రిల్, డక్టు, పైకప్పు అన్నీ చల్లబడి ఉంటాయి. బ్లోయర్ నడుస్తున్నంతసేపూ లోపలి గాలి పీడనం వరండాలో కంటే కొద్దిగా ఎక్కువగా ఉండి, గాలి తలుపు సందుల్లోంచి బయటకే పోతుంది. బ్లోయర్ ఆగిన మరుక్షణం ఆ రక్షణ పోయి, వరండాలోని ఉక్కగాలి లోపలికి చొరబడుతుంది. వానాకాలంలో మా వైపు గాలి 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమతో ఉండడం మామూలే. అలాంటి గాలి 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా దాని మీద నీరు పడుతుంది. రోజూ రాత్రి అలా తడుస్తూ ఉన్న దుమ్ము మీద, ఫాల్స్ సీలింగ్‌కు వాడే, కాగితం అతికించిన జిప్సం బోర్డు మీద బూజు పెరగడానికి ఇంకేమీ అక్కరలేదు. పొద్దున స్విచ్ వేయగానే, రాత్రంతా పెరిగినదాన్ని అదే బ్లోయర్ టేబుల్ మీదికి విసురుతుంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటి కణాలు, కొద్ది మైక్రాన్ల పరిమాణంలోనే ఉంటాయి కనుక అవి వెంటనే నేలకు దిగవు, గాలిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాలలోనే, థియేటర్ వాడని వేళల్లో కూడా బ్లోయర్ ఇరవైనాలుగు గంటలూ నడవాలని ఉంది. గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలనీ, అందులో కనీసం 4 సార్లు మారేది బయటి నుంచి వచ్చే తాజా గాలి కావాలనీ, తేమ 60 శాతం దాటకూడదనీ, టేబుల్ పైన సూక్ష్మకణాలను ఆపే హెపా ఫిల్టర్ ఉండాలనీ అవే చెబుతున్నాయి. ఆ హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపగలదు కానీ, ఫిల్టరే తడిసినా, దాని అంచు రబ్బరు వదులైనా ఆ అంకెకు అర్థం ఉండదు. మామూలు స్ప్లిట్ ఏసీలను ఏ రకం థియేటర్‌లోనూ వాడకూడదని కూడా వాటిలో స్పష్టంగా ఉంది; అవి గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతాయి, లోపలి మూలలు శుభ్రం చేయడానికి అందవు. అయినా చిన్న పట్టణాల్లో నేను చూసిన నర్సింగ్‌హోముల్లో చాలావాటి థియేటర్ గోడకు స్ప్లిట్ ఏసీయే ఉంటుంది. కరెంటు ఖర్చు నిజంగా భారమైతే రాత్రిపూట బ్లోయర్ వేగం తగ్గించే పరికరం పెట్టుకోవచ్చు, పూర్తిగా ఆపవలసిన పని లేదు.

ఇక ఫ్యూమిగేషన్. మన దగ్గర దానిమీద ఉన్న నమ్మకం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఫార్మలిన్ ఆవిరి సరిగా పనిచేయాలంటే గదిలో తేమ ఎక్కువగా, 70 శాతానికి పైగా ఉండాలి. అంటే తేమ వల్ల బూజు పట్టిన గదిని మూసి, దానిలోకి మరింత తేమ పంపుతున్నామన్నమాట. పైపైన ఉన్నవి చస్తాయి. ఫాల్స్ సీలింగ్ పలక వెనుక ఉన్నవీ, కాయిల్ మీద జిగురు కింద దాగినవీ అలాగే ఉంటాయి, పైపు నుంచి నీరు కారుతూనే ఉంటుంది. పైగా ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ముక్కుకు జేబురుమాలు కట్టుకుని, పొటాషియం పర్మాంగనేట్ మీద ఫార్మలిన్ పోసి పరుగున బయటకు వచ్చే థియేటర్ బాయ్‌లను, మరునాడు మంటెత్తే కళ్ళతో ఇన్‌స్ట్రుమెంట్లు సర్దే నర్సులను నేను ఎందరినో చూశాను. తడిసిన బోర్డును 72 గంటల్లోగా పూర్తిగా ఆరబెట్టలేకపోతే ఊడదీసి పారేయడమే సరైన పద్ధతి. మేము చివరికి చేసింది అదే. బోర్డులు తీయించాం, ట్రే, కాయిల్ కడిగించాం, కాన్వాసు మార్పించాం, ఫిల్టర్లు కొత్తవి వేయించాం, అన్నిటికంటే ముఖ్యంగా రాత్రిపూట బ్లోయర్ ఆపడం మాన్పించాం. ఆ తరవాత ఆ గ్రిల్ మీద మళ్ళీ నలుపు రాలేదు.

"కల్చర్ రిపోర్టు నెగెటివ్ వచ్చింది" అని, అంటే ల్యాబులో పెంచి చూస్తే క్రిములేవీ పెరగలేదని, మీకు చెబుతారు. ఆ రిపోర్టు ఎన్ని రోజులకు వచ్చిందో అడగండి. థియేటర్ గాలిని పరీక్షించడానికి క్రిములు పెరిగే పదార్థం పోసిన ప్లేటును మూత తెరిచి, నేలకు మీటరు ఎత్తున, గోడకు మీటరు దూరంలో, గంటసేపు ఉంచుతాం. బ్యాక్టీరియా కోసమైతే దానిని 37 డిగ్రీల దగ్గర పెట్టి ఒకటి రెండు రోజుల్లో చదివేస్తారు. బూజు కోసం సబరాడ్ అగార్ అనే వేరే ప్లేటు కావాలి, 25 నుంచి 28 డిగ్రీల దగ్గర ఐదు నుంచి ఏడు రోజులు ఓపిక పట్టాలి. నలభై ఎనిమిది గంటలకే ప్లేట్లు పారేసిన ల్యాబ్ ఇచ్చే నెగెటివ్ రిపోర్టు బూజు గురించి ఏమీ చెప్పదు. మీ ఆసుపత్రివారు రెండు రోజుల్లో తెరుస్తామన్నప్పుడు నాకు మొదట తట్టిన అనుమానం ఇదే.

తొందరపడి తెరిస్తే ఏమవుతుందో అమెరికాలోని సియాటిల్ చిల్డ్రన్స్ ఆసుపత్రి అనుభవం చెబుతుంది. గాలిలో ఆస్పర్‌జిల్లస్ కనిపించిందని 2019 మే నెలలో అక్కడి థియేటర్లు మూశారు, శుభ్రం చేసి జూలైలో తెరిచారు, నవంబరులో మళ్ళీ మూయవలసి వచ్చింది. 2001 నుంచి 14 మంది పిల్లలకు ఈ బూజు సోకిందనీ, వారిలో ఆరుగురు మరణించారనీ ఆ నవంబరులో ఆసుపత్రే ప్రకటించింది. పాత కేసులను ఎవరికి వారే విడివిడిగా చూశారు గానీ, వాటిని గాలి యంత్రాలతో కలిపి చూడలేదు. అంత డబ్బూ, అంత పరిజ్ఞానమూ ఉన్నచోటే అలా జరిగింది. 2012లో మసాచుసెట్స్‌లోని న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ అనే మందుల కంపెనీ తయారు చేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో బూజు చేరి, 20 రాష్ట్రాల్లో 753 మంది జబ్బుపడ్డారు, 64 మంది చనిపోయారు. ఆ కంపెనీలో లోపాలు చాలానే బయటపడ్డాయి. అయితే తనిఖీ అధికారులు రాసిన ఒక వాక్యం నా మనసులో నాటుకుపోయింది: మందులు తయారుచేసే క్లీన్‌రూమ్‌లో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఐదున్నర వరకు ఏసీ ఆపేసేవారట.

సందర్భం వచ్చింది కనుక ఇంకో రెండు సంగతులు చెప్పి తీరాలి. సెలైన్, కుట్లు వేసే దారాలు వచ్చిన అట్టపెట్టెలను అలాగే థియేటర్ లోపలికి మోసుకువచ్చే అలవాటు ఇంకా పోలేదు. గోడౌన్‌లో తేమ పీల్చిన అట్ట బూజు స్పోర్లకు ఇల్లు. పెట్టె బయటే విప్పి, లోపలి ప్యాకెట్లు మాత్రమే తేవాలి. అలాగే దసరాకు థియేటర్ లోపల ఆయుధపూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండలు అనస్తీషియా మెషీన్‌కు కట్టడం. పూజ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, ఏటా నేనే ముందుండి జరిపించేదాన్ని, కానీ థియేటర్ గుమ్మానికి అవతల. మట్టీ పీచూ ఉన్న వస్తువును ఆ గుమ్మం దాటించడం పేషెంటుకు మేలు చేయదు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మోకాలి మార్పిడి తరవాత వచ్చే ఇన్‌ఫెక్షన్లలో అత్యధికం బ్యాక్టీరియా వల్ల వచ్చేవే, బూజు వల్ల వచ్చేవి చాలా అరుదు. అయితే వస్తే మాత్రం వారాలకో నెలలకో బయటపడుతుంది, పెట్టిన కీలును తీసివేసి, నెలల తరబడి మందులు వాడి, మళ్ళీ ఇంకో కీలు పెట్టవలసి రావచ్చు. అందుకని వెళ్ళే ముందు థియేటర్ ఇన్‌ఛార్జిని కలిసి, తేమ ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కున్నారా, ఆ పలక మార్చారా లేక తుడిచి రంగు వేశారా, బ్లోయర్ రాత్రీ ఆదివారమూ నడుస్తున్నదా, బూజు కోసం పెట్టిన ప్లేట్లు ఎన్ని రోజులు ఉంచారు అని మర్యాదగా అడగండి. పని తెలిసిన ఇన్‌ఛార్జి అయితే కోప్పడరు, తేమ రాసే రిజిస్టర్ తెచ్చి మీ ముందు పెడతారు. "ఫ్యూమిగేషన్ అయింది కదండీ" అన్న ఒక్క మాటే మళ్ళీ వినిపిస్తే తేదీ ఇంకో రెండు వారాలు జరపమనండి. అరిగిన మోకాలి ఆపరేషన్ అంత అత్యవసరమైనది కాదు, మీ డాక్టరుగారు కూడా ఆ మాట కాదనరు.