మంద దగ్గరికి జీపు వేసుకొని పోకు

మహబూబ్‌నగర్,
మార్గశిరం

బిడ్డా,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసిండు. "నీ మేనకోడలు సంక్రాంతి దాటంగనే గొర్ల మందల ఎంబడి పోతదట అక్కా. ఎక్స్‌రే బండి తీసుకపోతదట, మైకు పెడతదట, పొలాలల్లనే టీబీ పరీక్షలు చేస్తదట" అన్నడు. వాని గొంతుల సంబురం ఆగుత లేదు. నాకూ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గొర్ల పెంట ఎత్తిన ఇంట్ల పుట్టి, డాక్టరై, మళ్ల గొర్ల తానికే పోతానంటే ఎవలకు ఉండదు? కానీ బండి, మైకు అన్న రెండు మాటలు చెవుల పడ్డంక నాకు నిద్ర పట్టలే. తెల్లారంగనే ఈ కాగితం పట్టుకున్న. ఫోన్ల చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తవు.

ఏండ్ల తరబడి టీబీ డ్యూటీ చేసినదాన్నే అయినా, నీకు తెల్సినవి నేను చెప్ప. రెండు వారాలు దాటిన దగ్గు, పొద్దుగూకంగనే జరం, తెమడల రక్తం, ఇవన్నీ నీ పుస్తకాలల్ల ఉన్నయి. పొద్దుగాల తెమడ పట్టియ్యుమను, ఉమ్మి కాదు. పాలు కాచుకొని తాగుమను, పొదుగు నుంచి పిండుకొని అట్లనే తాగే పోరగాండ్లు ఇంకా ఉన్నరు. జబ్బు తేలినోని ఇంట్ల పసిపిల్లలను చూడకుండ రాకు. అయిపోయింది.

ఒక్కటి మాత్రం నేర్చుకో. "దగ్గున్నదా" అని అడుగకు. గొర్లెంబడి తిరిగేటోనికి దగ్గు జబ్బు కాదు. మంద దుమ్ము, బీడీ, చలిమంట పొగ, దగ్గు ఎవలకు లేదు అంటడు. "మొలతాడు వదులైందా" అని అడుగు. "నిరుడు మంద ముంగట నడిచేటోడివి, ఈయేడు ఎనుక ఎందుకు పడ్డవు" అని అడుగు. ఇది నాకు ఏ ట్రైనింగుల చెప్పలే. మీ తాత నడక చూసి నేర్చుకున్న.

ఇగ లెక్క చూడు. సంక్రాంతి దాటినంక మందలు కదులుతయి. సాగర్ కాలువల కింద, కృష్ణ ఒడ్డు పొంట, వరి కోసిన మళ్లల్ల మేపుకుంట, రాత్రికొక్క రైతు పొలంల ఎరువు కోసం మంద ఆపుకుంట పోతరు. మృగశిర కార్తె వచ్చి వాన పడితే గాని ఇల్లు చేరరు. అంటే దగ్గర దగ్గర ఐదు నెలలు. మన మందులు ఆరు నెలలు. రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, నాలుగు నెలలు మూడు మందులది, మొత్తం 168 రోజులు. మంద ఆగదు, కాబట్టి మందులే నడవాలె.

బెంగళూరుల నేషనల్ టీబీ ఇన్‌స్టిట్యూట్‌ల ట్రైనింగుకు పోయినప్పుడు ఒక సారు కెన్యా సంగతి చెప్పిండు. వాజీర్ అని ఎడారి ఊరు. 1976ల అన్నలేనా తొనెల్లి అనే ఇటలీ ఆమె, ఒంటెలు కాసే సోమాలీ వాళ్ల కోసం వాళ్ల ఇండ్ల లెక్కనే గుడిసెలు వేయించి, ఆరు నెలలు అక్కడ్నే ఉంచి, రోజూ ముంగట నిలబడి మాత్రలు మింగిచ్చిందట. అంత చేసిన మనిషిని 2003ల సోమాలీలాండ్‌ల కాల్చి చంపిన్రని తర్వాత చదివి, ఆ పూట నాకు అన్నం పోలే. ఆమె అంటే నాకు మస్తు గౌరవం. కానీ మన తాన ఆ గుడిసెలు నడవయి. మనోళ్లు నలుగురైదుగురు జీవాలను కలిపి తోలుతరు. ఒక్కడు ఆగితే వాని వంతు ఎవలు కాస్తరు? జీతానికున్నోడైతే జీతమే పోతది.

ఇప్పుడు అసలు ముచ్చట. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెల్వదు.

2007. అప్పుడు మందులు వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్ర. ఒక్కొక్క మనిషికి ఒక డబ్బా, డబ్బా మీద పేరు. మా ముంగట మింగితేనే లెక్క. మన కులపోడే ఒకాయన, ముప్పై ఐదేండ్లుంటయి, తెమడల టీబీ తేలింది. పేరు రాయ. నువ్వు కూడా ఎవల పేరూ నోరు జారకు. ఐదు వారాలు మంచిగ మింగిండు. సంక్రాంతి అయినంక వచ్చి "డబ్బా నా చేతికియ్యక్కా, మందెంబడి పోతున్న" అన్నడు. ఇయ్యలే. రూలు లేదన్న. ఆయన పోయిండు, డబ్బా నా బీరువల మిగిలింది. తలుపు తీసినప్పుడల్లా ఆ పేరు నన్నే చూసేది.

మూడు వారాలు చూసి ఆగలేకపోయిన. ఒక సారును బతిమాలి జీపు అడుక్కున్న. ఆ జీపు పక్కన 'క్షయ నివారణ' అని బారెడు అక్షరాలు. మిర్యాలగూడ దిక్కు కల్లు దుకాణాలల్ల, సంతలల్ల అడుక్కుంట పోతే రెండో దినం పొద్దుగూకంగ దొరికిండు. అప్పుడే మందను పొలంల ఆపుతున్నరు. డ్రైవర్ గట్టెక్కించి తీసుకపోయిండు. గొర్లు చెదిరినయి, కుక్కలు మీదికొచ్చినయి. జీపు ఇంకా ఆగనే లేదు, నేను మెడ బయట పెట్టి ఒర్లిన. "ఏమయ్యా, టీబీ మందులు ఇడిచిపెట్టి వస్తవా? సావాల్నని ఉన్నదా?"

ఆ పొలం ఆసామి గట్టు మీద కూసొని ఉన్నడు. నేను ఆయనను చూసిన. నమస్తే కూడా పెట్టిన. నలుగురి ముంగట ఏడు మాత్రలు లెక్కబెట్టి మింగిపిచ్చిన, డబ్బా చేతుల పెట్టిన, రూలు ఇడిసిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్న. డ్రైవర్ పాటలు పెడితే వినుకుంట ఇంటికొచ్చిన.

ఆ రాత్రే ఆసామి మంద లేపుమన్నడు. చీకట్ల, పాలు తాగే పిల్లలతోటి, అంత మందను లేపి తోలుడంటే ఏందో నీకు తెల్సు. రెండు పిల్లలు కాలువల పడ్డయట. అవుతలి ఊరికి పోయేసరికి ఆ ఊరికి ముచ్చట ముందే చేరింది. మూడో ఊర్ల కూడా మంద ఆపనియ్యలే. అంతకుముందు మా తాన ఆపుమంటే మా తాన అని పిలిచి, పైసలిచ్చి, బువ్వ పెట్టిన రైతులే. నాలుగో దినం తోటోళ్లు "నీ జీవాలను నువ్వు ఏరుకో అన్నా" అన్నరట. వాళ్లను నేను తప్పు పట్ట. ఆయన ఒక్కడే, అరవై గొర్లు. డబ్బాను కాలువల ఇసిరేసిండు.

ఐదు వారాల మందు పడ్డ మనిషి. ఆరుబయట, గాలిల, ఎండల తిరిగేటోడు. ఆ గట్టు మీద కూసున్నాయనకు అంటుకునేది ఏమంత లేకుండె. ఆ ఒక్క మాట చెప్పేటందుకు నేను అక్కడ ఉండాలె గదా?

ఇదంతా నాకు జూన్‌ల తెల్సింది, ఆయన పెండ్లాం మా ఇంటి ముంగట నిలబడి మన్ను ఎత్తిపోసినప్పుడు. "మా కూడు ఎత్తగొట్టినవు గదనే, కురుమదానివే అయ్యుండి" అన్నది. ఆయనకు మళ్ల దగ్గు, మళ్ల పాజిటివ్. మళ్ల మొదలుపెట్టుమని వాళ్ల వాకిట్ల ఎన్నిసార్లు కూసున్ననో లెక్క లేదు. ఈసారి ఎనిమిది నెలల మందులు, మొదటి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు 24. జబ్బు పోయింది. సూదులకు ఒక చెవు పోయింది. మందల గంట ఏ దిక్కు మోగుతున్నదో తెల్వని కాపరి అయ్యిండు. ఆ ఏడు మందెంబడి పోలే, సగం జీవాలను అమ్మిండు. మళ్ల మూడేండ్లు ఆ గుంపుల ఒక్కడంటే ఒక్కడు నాకు తెమడ ఇయ్యలే. "మా తాన దగ్గు ఎవలకూ లేదమ్మా" అనేటోళ్లు, నోటికి రుమాలు అడ్డం పెట్టుకొని.

నాకు తెల్వక చేసిన అని చెప్పుకోనీకి కూడా లేదు బిడ్డా. మీ తాత మంద ఆపిన కాడ దగ్గొస్తే గొంగడి అంచు నోట్ల కుక్కుకునేటోడు, పటేలుకు ఇనపడొద్దని. చిన్నప్పుడు ఆయన పక్కన పండుకొని ఆ గొంగడి కదులుడు చూసిన. అయినా జీపెక్కిన.

నీకూ ఆ తొందర ఉన్నది. ఏడేండ్లప్పుడు గొర్రెపిల్ల కుంటుతున్నదని నా కొత్త చీర కొంగు చింపి కట్టు కట్టినవు. ప్రేమ నీది, చీర నాది.

బండి తీసుకపోవుడే ఉంటే ఇప్పుడే, వాళ్లు ఊర్ల ఉన్నప్పుడే తీసుకపో. బీరప్ప గుడి ముంగట పెట్టి ఊరందరికీ తియ్యి, కోమటోళ్లకు, రెడ్లకు, సర్పంచికి కూడా. అందరికీ తీస్తే ఎవల మీదా వేలు పడదు. కదిలినంక మాత్రం నడిచి పో. మిట్టమధ్యాహ్నం మంద చెట్ల నీడకు పండుకుంటది, అప్పుడు పో, అక్కడ ఆసామి ఉండడు. గొర్ల కడుపుల పురుగులకు నట్టల మందు పోసే పశువుల ఆస్పత్రోళ్లతోటి కలిసిపోతే ఇంకా మంచిది, వాళ్లను చూసి ఎవలూ బెదరరు.

ఆ నట్టల మందుతోనే చెప్పు. గొర్రె బరువు చూసి మందు పోసుడు వాళ్లకు నీకంటే బాగ తెల్సు. సగం పోస్తే ఏమైతదని అడుగు, వాళ్లే చెప్తరు. మాత్రలు రెండు చోట్ల పెట్టియ్యి, ఒక సంచి తడిసినా ఇంకోటి ఉంటది. తోడు ఎవలుండాల్నో రోగినే చెప్పనియ్యి, నువ్వు ఎంచకు. మూత్రం ఎర్రగ వస్తదని ముందే చెప్పు, లేకుంటే రక్తమని భయపడి ఆపుతడు. కల్లు మానుమంటే మానరు, కండ్లు పచ్చబడితే మాత్రం ఆ పూటనే ఫోన్ చెయ్యుమను. నిక్షయ్‌ల, అదే సర్కారు టీబీ రోగుల కంప్యూటర్ లెక్కల, ఎక్కించే ఫోన్ నంబర్ వాందేనా, వాళ్ల అన్నదా, చూసుకో. ఇప్పుడు నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్నరు గదా, నా కాలంల అదీ లేకుండె. పడేది ఎవల ఖాతలనో, ఏటీఎం కార్డు ఎవల జేబుల ఉన్నదో ఇంట్ల ఆడోళ్లను అడుగు.

చెప్పులు గట్టియి కొనుక్కో, వరి కొయ్యకాల్లు గుచ్చుకుంటయి. కుక్కలకు ముందుగాల ఒక ముద్ద వెయ్యి.

ఆయన ఇంకా ఉన్నడు. కొడుకు మంద ఈయేడు కూడా మిర్యాలగూడ దిక్కే పోతదట, మీ నాన్నకు ఇల్లు తెల్సు. వాళ్లతోటి మాట్లాడి, వాళ్లు రమ్మంటేనే వాళ్ల ఎంబడి పో. మంచి చెవు దిక్కు కూసొని మాట్లాడు, కుడిది. నా పేరు చెప్పకు, మీ తాత పేరు చెప్పు.

సకినాలకు బియ్యం నానబోసేదాక రాకుండ ఉండకు.

మీ అత్త