మియాటాకు బ్రేస్‌లు ముందా, సస్పెన్షన్ ముందా?

మీరు అడిగింది ఇది: 1999 మాజ్డా మియాటా (రెండు సీట్ల చిన్న ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు) కొన్నారు. గతుకుల మీద కారంతా వణుకుతోంది, మలుపుల్లో పక్కకు ఒరుగుతోంది. షాపువాళ్లు స్ట్రట్ బార్ (ఇంజిన్ బేలో రెండు పక్కలా సస్పెన్షన్ పైభాగం బిగించే టవర్లను కలిపే కడ్డీ), లావుపాటి స్వే బార్లు (మలుపుల్లో ఒరుగుడు తగ్గించే కడ్డీలు), కారును కిందికి దించే స్ప్రింగులు మూడూ కలిపి వేయించుకోమన్నారు. వీటిలో ఏది ముందు?

ఆ మూడింటిలో ఏదీ ముందు వద్దు. నేను డెట్రాయిట్ పక్కన ఉంటాను. మీ తరం మియాటానే చాలా ఏళ్లుగా నడుపుతున్నాను, దాని పనులన్నీ నా గరాజ్‌లో నేనే చేసుకుంటాను. ఈ కారంటే నాకు ప్రాణం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ వణుకు ఎక్కడిదో తేల్చుకోండి. టాప్ లేని కారు ఏదైనా కొంత మెలి తిరుగుతుంది. పట్టెలు వదులైన నులక మంచాన్ని ఒక కోడు పట్టుకుని ఎత్తితే ఎలా మెలి పడుతుందో, ఇదీ అంతే. టాప్ తీసి, కారు ఇంకొకరికి ఇచ్చి మీరు పక్క సీట్లో కూర్చోండి. తలుపు అంచు, వెనక ఫెండర్ కలిసే సందు మీద పైనుంచి ఒక వేలు అడ్డంగా ఆనించండి. గతుకుల రోడ్డు మీద ఆ రెండు రేకులూ ఒకదానితో ఒకటి జరగడం వేలికి స్పష్టంగా తెలుస్తుంది. అద్దం, స్టీరింగ్, డాష్‌బోర్డ్ కలిసి ఊగుతుంటే అది బాడీ మెలిక. అలా కాకుండా గతుకు దాటాక కూడా కారు ఒకటి రెండుసార్లు పైకీ కిందికీ ఊగినా, కింద నుంచి టకటకమని చప్పుడు వచ్చినా అది షాక్ అబ్జార్బర్ల పని, బుష్‌ల (సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగుల) పని. ఇన్నేళ్ల కారులో రెండూ ఉంటాయి. బ్రేస్ (బాడీని గట్టిపరిచే కడ్డీ) మొదటిదానికే, అంటే బాడీ మెలికకే మందు.

ఇక స్ట్రట్ బార్. ఇంజిన్ బే తెరిస్తే మెరుస్తూ కనిపిస్తుంది, బిగించడం కూడా తేలిక, అందుకే అందరూ ముందు అదే కొంటారు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాక్, స్ప్రింగు కలిసిన ఒకే కాలు చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే పద్ధతి) ఉన్న కారులో మలుపులో టైరు మీద పడే పక్కబలం కొంత స్ట్రట్ పైభాగానికి చేరుతుంది కాబట్టి ఆ రెండు టవర్లనూ కలపడంలో అర్థం ఉంది. టయోటా 86 ముందు భాగం అలాంటిదే. హైదరాబాద్‌లో స్విఫ్ట్, పోలో నడిపేవాళ్లు కూడా ఇది చదువుతుంటే వాళ్లవీ అంతే. మియాటాలో మాత్రం నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోనే, అంటే ప్రతి చక్రాన్నీ పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. పక్కబలాన్ని పై ఆర్మ్, కింది ఆర్మ్ తీసుకుని సబ్‌ఫ్రేమ్‌కి (సస్పెన్షన్‌ను మోసే కింది చట్రానికి) ఇచ్చేస్తాయి. టవర్‌కి చేరేది చాలావరకు స్ప్రింగు, షాక్‌ల నిలువు బలమే. కాబట్టి ఈ కారులో స్ట్రట్ బార్ వల్ల వచ్చే తేడా చాలా తక్కువ. బలం ఏ దారిన పోతుందో చూసి అక్కడ బ్రేస్ వేయాలి.

మియాటాలో ఆ చోటు ఫ్లోర్ కింద ఉంది. గేర్‌బాక్స్‌కి అటూ ఇటూ ముందు నుంచి వెనక దాకా రెండు ఫ్రేమ్ రెయిల్స్ పోతాయి. పల్చటి రేకుతో చేసినవి. జాకీ ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లు వాటి కిందే పెట్టి నొక్కేస్తారు. మీ కారులో కూడా సొట్టలు ఉంటాయని నా అనుమానం. ఈ రెయిల్స్ మీద తొడుగులా వచ్చే మందమైన చానెళ్లు దొరుకుతాయి, ఫ్లోర్‌లోంచి బోల్టులతో బిగించేవి. రెండు చానెళ్లనూ ఎక్స్ ఆకారంలో కలిపే బటర్‌ఫ్లై బ్రేస్ కూడా దొరుకుతుంది. ఈ కారుకు నేను వేసిన బ్రేస్‌లన్నిటిలో పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది ఇదొక్కటే. అద్దం వణుకు బాగా తగ్గింది, స్టీరింగ్‌లో చేతికి అందే సమాచారం మారింది. బిగించే ముందు నలిగిన రెయిల్‌ని చెక్కముక్క ఆనించి సుత్తితో సరిచేసుకోవాలి, లేకపోతే చానెల్ సరిగ్గా కూర్చోదు. రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడేందుకు సీట్ల వెనక వేసే ఇనుప గొట్టం) కూడా బాడీని గట్టిపరుస్తుంది. ట్రాక్‌కి వెళ్లే ఆలోచన ఉంటే ఓపెన్ కార్లకు చాలాచోట్ల అది ఎలాగూ అడుగుతారు. కానీ రోజూ హెల్మెట్ లేకుండా నడిపే కారులో తలకూ ఆ గొట్టానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూసుకుని, ప్యాడింగ్ తప్పనిసరిగా వేయించండి.

అయినా డబ్బు ముందు పెట్టాల్సింది టైర్లు, బుష్‌లు, షాక్‌లు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) మీద. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పాతబడి గట్టిపడ్డ టైరుతో మిగతావి ఎన్ని మార్చినా ఫలితం తెలియదు.

బుష్‌ల దగ్గర ఒక్క విషయం మాత్రం దయచేసి గట్టిగా పట్టుకోండి. రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు అది జారదు, రబ్బరే మెలి తిరుగుతుంది. కారు లిఫ్ట్ మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆ బోల్టు బిగిస్తే, కిందికి దించాక రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది. కారు కొంచెం ఎత్తుగా నిలబడుతుంది, కొత్త బుష్ తొందరగా చిరిగిపోతుంది. నా కారుకు ఒక షాపులో ఇలాగే బిగించి పంపారు. తర్వాత బోల్టులన్నీ వదులు చేసి, కారును దాని బరువు మీదే నిలబెట్టి మళ్లీ బిగించుకున్నాను. మీ షాపువాళ్లను ముందే అడగండి. వాళ్లకు ఈ సంగతి తెలియకపోతే షాపు మార్చండి.

స్వే బార్ తొందరపడి కొనొద్దు. బార్ బిగువు దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల బార్ తీసి 24 వేస్తే చూడ్డానికి తేడా ఏమీ ఉండదు, బిగువు మాత్రం 40 శాతం పైగా పెరుగుతుంది. వెనక అతి లావు బార్ వేస్తే లోపలి చక్రం తేలిపోతుంది, మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) ఉన్న కారులో అది ఉత్తినే గిర్రున తిరుగుతుంది. తడి రోడ్డు మీద వెనక భాగం జారే టెన్షన్ వేరే. ముందు బార్ ఒక్కటి కొంచెం మందంగా వేసుకుని ఆపితే రోడ్డు మీద నడిపేవాళ్లకు చాలు.

స్ప్రింగులు అన్నిటికన్నా చివర. ఈ కారులో సస్పెన్షన్ కదలడానికి ఉన్న చోటే తక్కువ. పొట్టి స్ప్రింగు వేసి, పాత షాక్ అలాగే ఉంచి దించితే ప్రతి గతుకుకూ బంప్ స్టాప్ (కదలిక చివర అడ్డుకునే రబ్బరు దిమ్మ) తగులుతుంది. తగిలిన క్షణంలో బిగువు ఒక్కసారిగా పెరుగుతుంది. మలుపు మధ్యలో వెనక అలా జరిగితే కారు తిరిగిపోవచ్చు. దించాలనుకుంటే షాక్, స్ప్రింగ్, బంప్ స్టాప్ ఒకదానికొకటి సరిపోయేలా కలిపి కొనండి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి, నేను ముందు 13 అంగుళాల దగ్గర ఆపాను. మా మిషిగన్ గుంటలకు అంతకన్నా కిందికి దించితే బతకలేం. ఆటోక్రాస్ (కోన్‌ల మధ్య ఒక్కో కారునూ టైముకు నడిపే పోటీ) మీద ఆశ ఉంటే, అమెరికాలో ఆ పోటీలు నడిపే ఎస్‌సీసీఏ క్లబ్బు స్ట్రీట్ విభాగంలో స్ప్రింగులు మార్చకూడదని గుర్తుంచుకోండి. షాక్‌లు మార్చుకోవచ్చు.

అలైన్‌మెంట్‌కి నా సలహా: ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) మైనస్ 1 డిగ్రీ, వెనక మైనస్ 1.5, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ముందు సున్నా, వెనక కాస్త లోపలికి. మీ బరువు సీట్లో ఉండగా చేయించండి. ఈ కోణాలు సర్దే కింది ఆర్మ్‌ల క్యామ్ బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటాయి, వారం ముందు నుంచే రోజూ నూనె కొడుతూ ఉండండి. కొన్ని కోయక తప్పదు, కొత్తవి తెప్పించి పెట్టుకోండి.

మీది కొలంబస్ అన్నారు, అక్కడా చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మీ తరం మియాటాలో ముందు సబ్‌ఫ్రేమ్ దగ్గర రెయిల్ రెండు పొరలుగా ఉంటుంది, తుప్పు లోపలి నుంచి తింటుంది, బయటికి బాగానే కనిపిస్తుంది. ఏ భాగమూ ఆర్డర్ పెట్టకముందే స్క్రూడ్రైవర్ పిడితో అక్కడ తట్టి చూడండి. మెత్తగా, డొల్లగా మోగితే ముందు వెల్డింగ్ పని. అక్కడి ఫొటోలు, టైర్ల తేదీ, ఇప్పుడున్న షాక్‌లు ఏవో పెడితే స్ప్రింగుల సంగతి అప్పుడు చెబుతాను.