ఇసుకలో పైల్ గుంత కూలుతుంటే

అన్నా, మూసీ ఒడ్డున 450 మి.మీ. పైల్ (పునాదికి భూమిలో లోతుగా పోసే కాంక్రీట్ స్తంభం) గుంత 4 మీటర్ల దగ్గర కూలుతోందని, కాంక్రీట్ లెక్కకు మించి పడుతోందని రాశారు. నీళ్లు 3 మీటర్లకే తగిలాయన్నారు కదా, అసలు సంగతి అక్కడుంది. గుంతలో నీటి మట్టం చుట్టూ ఉన్న భూగర్భ జలం కన్నా తగ్గగానే బయటి నీళ్లు ఇసుకను లోపలికి తోసుకొస్తాయి. బెయిలర్‌ను (గుంతలోంచి మట్టి తోడే గొట్టం) గబగబా పైకి లాగినా అంతే, కింద పిచికారీలా పీల్చేస్తుంది. మెల్లగా లాగించండి.

పై 3 మీటర్లకు కేసింగ్ (గోడ కూలకుండా ఆపే ఇనుప గొట్టం) దింపి, కింద బెంటొనైట్ (నీళ్లలో ఉబ్బే మెత్తని బంకమట్టి పొడి) ద్రవంతో నడపండి. పొడిని ముందురోజే కలిపి నానబెట్టాలి. అప్పటికప్పుడు కలిపితే గోడకు పొర పట్టదు. ద్రవం సాంద్రత 1.03–1.10 (గ్రా./సి.సి.), మార్ష్ కోన్‌లో (ద్రవం చిక్కదనం చూసే గరాటు) 30–60 సెకన్లు రావాలి. గుంతలో ద్రవం మట్టం ఎప్పుడూ భూగర్భ జలం కన్నా కనీసం 1.5 మీటర్లు పైనే ఉంచండి, మధ్యాహ్నం భోజనాలప్పుడు కూడా. కాంక్రీట్‌కు ముందు అడుగు ద్రవం తీసి చూడండి, సాంద్రత 1.12 దాటితే ఇంకా ఫ్లష్ చేయాల్సిందే, అంటే శుభ్రమైన ద్రవం పంపి కడగాల్సిందే.

9 మీటర్ల పైల్‌కు లెక్క ప్రకారం 1.43 ఘనపు మీటర్ల కాంక్రీట్. కొంచెం ఎక్కువ పట్టడం మామూలే. నన్నడిగితే తక్కువ పట్టినప్పుడే భయపడాలి, మధ్యలో పైల్ సన్నబడిందేమోనని! 200 మి.మీ. ట్రెమీ పైపు (కాంక్రీట్‌ను గుంత అడుగుకు దింపే గొట్టం), స్లంప్ (కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) 150–180 మి.మీ. పెట్టుకోండి. పైపు మొన కాంక్రీట్‌లో 2 మీటర్లు మునిగే ఉండాలి. పైన మట్టి కలిసిన కాంక్రీట్ చేరుతుంది కాబట్టి కటాఫ్ (పైల్ చివరకు ఆగాల్సిన ఎత్తు) మీద ఇంకో 600 మి.మీ. పోసి తర్వాత చిప్పింగ్ చేయించండి, అంటే ఆ పైభాగం చెక్కించేయండి. పక్క పైల్ బోరు మాత్రం మర్నాడే.