పెళ్లి ఖర్చుకు ఆస్పత్రి డబ్బు ముట్టుకోకండి

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకు 58 వేలు చేతికొస్తాయి. నాన్నగారికి 61 ఏళ్లు. తెనాలిలో చిన్న కిరాణా కొట్టు ఉంది. షుగర్, బీపీ ఉన్నాయి. మాఘమాసంలో నా పెళ్లి, ఇంకా ఆరు నెలలే ఉంది. ఖర్చు 20 లక్షలని తేలింది. మా ఎఫ్‌డీలన్నీ కలిపితే 11 లక్షలు. అందులో 3 లక్షలు ఆపదకని దాచినవి. అవి కూడా తీసేసి, నా పేరు మీద 6 లక్షల పర్సనల్ లోన్, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెద్దామంటున్నారు. చదివింపులతో కొంత తీరిపోతుందని నాన్నగారి ధైర్యం. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ టెన్షన్ తగ్గేదెలా?

జవాబు: పెళ్లి పనులు ఎక్కువైనందుకు వచ్చిన టెన్షన్ కాదమ్మా ఇది. పెళ్లయిన మర్నాడు ఇంట్లో రూపాయి మిగలదని మీకు లోపల తెలుసు. ఆ భయం సరైనదే. పెళ్లిళ్ల సీజన్‌లో నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు కూడా ఇదే: ఆపదకు దాచిన డబ్బును పెళ్లి బడ్జెట్‌లో మొదటి పద్దుగా కలిపేసుకోవడం.

ఆ 3 లక్షలు పక్కన పెట్టండి. మీ దగ్గరున్నది 11 కాదు, 8 లక్షలే అనుకుని లెక్క మళ్లీ మొదలుపెట్టండి. కొట్టు మీద బతికే ఇంటికి నెల జీతం ఉండదు. నాన్నగారు పది రోజులు మంచం పడితే కొట్టు మూతపడుతుంది, రాబడి ఆగుతుంది, మందుల ఖర్చు పెరుగుతుంది. అన్నీ ఒకేసారి. ఇంటి ఖర్చు నెలకు 30 వేలనుకున్నా ఆరు నెలలకు 1.8 లక్షలు కావాలి. మిగిలినది ఆస్పత్రిలో చేరేటప్పుడు కట్టే అడ్వాన్సుకు. ఆ ఎఫ్‌డీ అమ్మగారు, నాన్నగారి జాయింట్ పేర్ల మీద, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉంచండి. పెళ్లి ఖర్చులకు వాడే ఖాతాతో దానికి సంబంధం ఉండకూడదు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టిన విషయం ఇంకొకటుంది. నాన్నగారి ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. మీ కంపెనీ గ్రూప్ పాలసీలో ఆయన పేరు ఉంది, అది చాలనుకుంటున్నారేమో. పెళ్లయ్యాక ఊరు మారొచ్చు, ఉద్యోగం మానొచ్చు. ఉద్యోగంతో పాటే ఆ పాలసీ కూడా పోతుంది. అప్పుడు 61 ఏళ్ల వయసులో, షుగర్‌తో, ఆయన కొత్తగా పాలసీ వెతుక్కోవాల్సి రావొచ్చు. కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ రాని గడువు, ఉండొచ్చు. అందుకే అమ్మానాన్నలకు సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. ఆ గడువు ఎంత త్వరగా మొదలైతే అంత త్వరగా తీరుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. దరఖాస్తులో షుగర్, బీపీ, వాడుతున్న మందులు ఏవీ దాచకండి. ప్రీమియం పెరుగుతుందని దాస్తే, రేపు క్లెయిమ్ తిరస్కరించడానికి మనమే కారణం ఇచ్చినట్టవుతుంది. ప్రీమియం ఎక్కువనిపిస్తే ఒక ఫంక్షన్ మానుకోండి, పాలసీ మాత్రం మానకండి.

ఇక అప్పు. 6 లక్షలు 14 శాతానికి ఐదేళ్ల కాలానికి తీసుకుంటే నెలకు దాదాపు 13,960 ఈఎంఐ. మొత్తం వడ్డీయే 2.37 లక్షలు దాటుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలకు నెలనెలా 6 వేలు కడుతూనే ఉంటారు, అసలు మాత్రం అలాగే ఉంటుంది. రెండూ కలిపి మీ జీతంలో మూడో వంతు. ఒక్క రోజు భోజనాలకు, లైటింగ్‌కు ఐదేళ్ల జీతం తాకట్టు పెట్టడమేమిటి? చదివింపుల మీద ఆశ పెట్టుకుని అప్పు చేయడం మరీ ప్రమాదం. ఎవరెంత చదివిస్తారో ఎవరికీ తెలియదు, వడ్డీ కట్టాల్సిన తేదీ మాత్రం ఖాయం. పైగా అవి రేపు వాళ్ల ఇళ్లలో శుభకార్యాలకు మీరు తిరిగి పెట్టాల్సినవే. రెండు రూపాయల వడ్డీ మాట ఇంట్లో మళ్లీ ఎత్తనివ్వకండి.

మరి ఖర్చు తగ్గేదెక్కడ? ముందు పిలుపుల దగ్గర. ప్లేటు 600 చొప్పున 800 మందికి 4.8 లక్షలు. 450 మందికి 2.7 లక్షలే. మనుషులు తగ్గితే హాలు చిన్నదవుతుంది, అలంకరణ తగ్గుతుంది. సంగీత్, ప్రీ వెడ్డింగ్ షూట్ మన పెద్దల పెళ్లిళ్లలో లేవు, అవి లేక ఏ పెళ్లీ ఆగలేదు. అమ్మగారి పాత నగలు కరిగించి చేయించుకుంటే కొత్త బంగారం కొనాల్సింది తగ్గుతుంది. ఇష్టపడితే తిరుమల కల్యాణ వేదికలో టీటీడీ ఉచితంగా పెళ్లి జరిపిస్తుంది, తర్వాత ఊళ్లో చిన్న విందు పెట్టుకోవచ్చు. ఈ ఆరు నెలలూ మీ జీతంలో 25 వేలు దాచినా మరో 1.5 లక్షలు. అంటే మీ బడ్జెట్ 9.5 లక్షలు. ఇంకా కొద్దిగా తక్కువైతే బ్యాంకులో చిన్న గోల్డ్ లోన్, ఏడాదిలో తీర్చేంత మాత్రమే. పీఎఫ్ జోలికి వెళ్లకపోతే మంచిది.

ఈ అంకె కాబోయే భర్తకు మీరే చెప్పండి. మధ్యవర్తుల ద్వారా కాదు, నేరుగా. పెళ్లి తర్వాత మీ జీతంలోంచి కట్టే అప్పు ఆయన ఇంటి ఖర్చును కూడా తాకుతుంది. రేపు ఇల్లు కొనాలనుకుంటే మీ ఇద్దరికీ వచ్చే హోమ్ లోన్ కూడా తగ్గుతుంది. కాబట్టి ఆయనకు ముందే తెలియాలి. రిసెప్షన్ ఖర్చు పంచుకుందామని అడగడంలో చిన్నతనం లేదు. వియ్యాలవారితో ఖర్చుల మాట నాన్నగారే మాట్లాడాలని మీరు, మీరు బాధపడతారని ఆయన, ఇద్దరూ నోరు మెదపకపోతే టెన్షన్ ఇద్దరికీ పెరుగుతుంది. ఆయన బీపీకి అది అసలు మంచిది కాదు. ఆదివారం ఒక గంట మీరు, అమ్మానాన్నలు ముగ్గురూ కూర్చుని ఆ వారం ఇచ్చిన అడ్వాన్సులు, బాకీలు ఒక పుస్తకంలో రాయండి. మిగతా రోజుల్లో డబ్బు సంగతి మాట్లాడుకోకండి. ఇంత చేసినా నిద్ర పట్టకపోతే డాక్టర్‌ను కలవండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, తెలుగులోనూ మాట్లాడతారు.

పట్టుచీరల షాపింగ్‌కు వెళ్లే ముందే పాలసీ దరఖాస్తు పెట్టేయండి. నాన్నగారి వయసుకు, షుగర్‌కు వాళ్లు వైద్య పరీక్షలు అడగొచ్చు, దానికి కొన్ని వారాలు పట్టొచ్చు.