పంచ్ కార్డులు, అంటే చిల్లులు పొడిచిన అట్టలు, జకార్డ్ కనిపెట్టినవేనా? మగ్గం మీద పోగులు లేపి డిజైన్ తీసే జకార్డ్ పెట్టెలో అసలేం జరుగుతుంది?

కార్డులు ఆయనవి కావు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లోనే 1725లో బాసిల్ బూషాన్ చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట వాడాడు. మూడేళ్లకు ఫాల్కన్ దాన్ని విడి అట్టలు చేసి దండలా కుట్టాడు. అయినా పోగుల్ని లేపే తాళ్లు లాగడానికి పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. 1745లో వోకాన్సన్ పెట్టెను మగ్గం నెత్తిన పెట్టి ఆ మనిషి పని తప్పించాడు గానీ, చిల్లుల కాగితాన్ని డ్రమ్ముకు చుట్టాడు. డ్రమ్ము చుట్టుకొలత ఎంతో డిజైన్ అంతే.

లియోన్ నేతగాడి కొడుకు జోసెఫ్ మరీ జకార్డ్ (1752–1834) పారిస్‌లో వోకాన్సన్ మగ్గం చూసి, 1804లో దానికి ఫాల్కన్ అట్టల దండ తగిలించాడు. గుండ్రటి డ్రమ్ము పోయి నాలుగు పలకల దిమ్మె వచ్చింది. పేరు మాత్రం నేటికీ సిలిండరే!

పెట్టెలో నిలువుగా కొక్కేలు, వాటిని పట్టుకుని అడ్డంగా సూదులు, సూదుల వెనక స్ప్రింగులు ఉంటాయి. సిలిండర్ అట్టను సూదుల మీదికి నొక్కుతుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం కత్తి (పైకి లేచే ఇనుప పట్టీ) మీదే ఉండిపోయి పడుగు పోగును, అంటే నిలువు పోగును, లేపుతుంది. చిల్లు లేకపోతే సూది వెనక్కి జరిగి కొక్కెం కత్తి నుంచి తప్పుకుంటుంది, పోగు కిందే ఉంటుంది. ఒక అట్టకు ఒక పేక, అంటే ఒక అడ్డపు పోగు. అంగుళానికి 60 పేకల నేతలో 3 అంగుళాల పువ్వుకు 180 అట్టలు కావాలి.

డిజైన్ చెడితే ముందు పెట్టె విప్పకండి, తప్పు ఎక్కడెక్కడ పడుతోందో చూడండి. ఒకే పోగు నిలువునా లేవకపోతే స్ప్రింగు మెత్తబడింది, లేదా కొక్కేన్ని పోగుకు కలిపే తాడు తెగింది. ఒక కొక్కేనికి నాలుగు తాళ్లు కట్టి ఉంటే, స్ప్రింగు తప్పు నాలుగు చోట్ల కనబడుతుంది. ఒక్క తాడే తెగితే ఒక్కచోటే. పువ్వు తిరిగొచ్చినప్పుడల్లా ఒకే మచ్చ పడుతుంటే అట్టలో చిల్లు తప్పింది: ఎక్కువైతే కాగితం ముక్క అంటించాలి, తక్కువైతే పొడవాలి. ఒక్క పేక మొత్తం తేడాగా ఉంటే అట్టలు వరుస మారాయి. ఇక తప్పులు చెల్లాచెదురుగా వస్తుంటే సూది మొనలు చిల్లుల మధ్యకు రావడం లేదు, సిలిండర్‌ను సరిచేయాలి. వానాకాలమైతే దానికంటే ముందు అట్టలనే అనుమానించండి. తేమకు సాగితే చిల్లు పక్కకు జరుగుతుంది. నీడన ఆరబెడితే చాలావరకు దారికొస్తాయి.

జకార్డ్ తయారుచేసినప్పుడు కూడా పెట్టె ఇంత నమ్మకంగా ఆడలేదు. అట్టలు సాఫీగా తిరిగేలా చేసింది 1810ల్లో బ్రెటన్. ఆయన పేరు మగ్గాల దగ్గర కూడా వినబడదు. జకార్డ్‌కు మాత్రం పింఛను, మగ్గానికింత అని సొమ్ము, చనిపోయాక 24,000 అట్టలతో నేసిన పట్టు చిత్రపటం.