తమ్ముడూ, ఆ కార్నర్ కిక్ ఇంకోసారి చూడు

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 2019 మే 7న తన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ 4-0తో బార్సిలోనాను (బార్సాను) ఓడించిన ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ గురించి రాయాలనుకోవడమే నాకు నచ్చింది. ఆట మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ 'అద్భుతం' అనే మాట ఏడుసార్లు వచ్చింది, ఎందుకు అద్భుతమో మాత్రం ఒక్కసారీ రాలేదు. శీర్షికేమో 'చావోరేవో'. ప్రతి నాకౌట్ మ్యాచ్‌కూ ఆ మాట వాడీ వాడీ అందులో చావూ లేకుండా పోయింది, రేవూ లేకుండా పోయింది. తీసెయ్.

ముందు లెక్క సంగతి. మన పాఠకుల్లో ఎక్కువమంది క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లు, రెండు అంచెల నాకౌట్ అంటే వాళ్లకు విడమరిచి చెప్పాలి. ఒక్కో జట్టు మైదానంలో ఒక్కో మ్యాచ్, రెండింటి గోల్స్ కలిపి లెక్క. మే 1న బార్సా మైదానం క్యాంప్ నౌలో జరిగిన తొలి అంచెలో బార్సా 3-0తో గెలిచింది. అంటే ఆన్‌ఫీల్డ్‌లో ఆట మొదలయ్యేసరికి బోర్డు మీద 0-0 అని ఉన్నా లివర్‌పూల్ నిజానికి మూడు గోల్స్ వెనకబడి ఉంది. పైగా అప్పట్లో రెండు అంచెల గోల్స్ కలిపి సమానమైతే, ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే ముందుకు వెళ్లేది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 2021లో ఆ నిబంధన తీసేసింది, కాబట్టి ఇప్పుడు చదివే కుర్రాళ్లకు అది ఒక వాక్యంలో చెప్పకపోతే సగం మ్యాచ్ అర్థం కాదు.

ఇప్పుడు 79వ నిమిషం దగ్గర ఆగు. లివర్‌పూల్ ఆటగాడు డివోక్ ఒరిగి నాలుగో గోల్ కొట్టాడు. బోర్డు మీద 4-0. అప్పుడే టీవీ పెట్టినవాడికి ఇదేదో ఏకపక్షంగా సాగిన మ్యాచ్ అనిపిస్తుంది. కానీ బార్సా ఒక్క గోల్ కొడితే మొత్తం 4-4 అవుతుంది, బయట కొట్టిన ఆ గోల్‌తో ఫైనల్‌కు వెళ్లేది బార్సానే. నాలుగు గోల్స్ కొట్టిన జట్టు, ఒక్క గోల్ పడితే ఇంటికి పోయే స్థితిలో పది నిమిషాలకు పైగా ఆడింది, ఎదురుగా మెస్సీ ఉండగా! ఆ టెన్షనే ఆ రాత్రికి ప్రాణం. నువ్వు నాలుగో గోల్ దాటగానే సంబరాల్లోకి వెళ్లిపోయావు, ఆ పది నిమిషాలూ గాల్లో కలిసిపోయాయి.

ఇంకో లెక్క కూడా ఉంది, అది తొలి అంచె ఆఖరి క్షణాల్లో ఉంది. మెస్సీ ఇచ్చిన బంతితో బార్సా ఆటగాడు డెంబెలె, ఎదురుగా లివర్‌పూల్ గోల్ కీపర్ అలిసన్ తప్ప దాదాపు ఎవరూ లేకుండా నిలబడి, మెల్లగా తన్ని నేరుగా అతని చేతుల్లో పెట్టాడు. అది పడి ఉంటే బార్సా 4-0తో ఇంగ్లండ్ వచ్చేది. ఆన్‌ఫీల్డ్‌లో కొట్టిన నాలుగు గోల్స్ అదనపు సమయం దాకా తీసుకెళ్లేవే తప్ప గెలిపించేవి కావు. రెండో అంచె రాస్తూ తొలి అంచెలోని ఆ తన్నును వదిలేస్తే కథను మధ్యలోంచి చెప్పినట్టే.

ఇక ఆ నాలుగో గోల్ తెచ్చిన కార్నర్ కిక్, అంటే మైదానం మూల నుంచి తన్నే తన్ను. నువ్వు 'ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ తెలివిగా తీసిన కార్నర్‌ను ఒరిగి గోల్‌గా మలిచాడు' అని ఒక్క వాక్యంలో ముగించావు. ఆ వీడియో మళ్లీ పెట్టుకుని, బంతిని వదిలేసి మనుషుల్ని చూడు. బంతి బయటికి పోగానే ఒక బాల్ బాయ్ క్షణం ఆలస్యం చెయ్యకుండా ఇంకో బంతి అందించాడు, అలా త్వరగా ఇవ్వాలని ఆ పిల్లలకు ముందే చెప్పి ఉంచారు. లివర్‌పూల్ డిఫెండర్ ట్రెంట్ బంతిని కార్నర్ దగ్గర పెట్టాడు. కార్నర్ తీయడానికి అతని జట్టు సహచరుడు షకీరి నడిచి వస్తున్నాడు. ట్రెంట్ రెండడుగులు పక్కకు వేశాడు, తల తిప్పి చూశాడు, బార్సా ఆటగాళ్లలో చాలామంది బంతి వైపు చూడటమే లేదు, గోల్ ముందు ఒరిగి ఖాళీగా ఉన్నాడు. వెనక్కి తిరిగి నేల మీదుగా తన్నేశాడు. ఒరిగి ఆఖరి క్షణంలో గమనించి పాదం పెట్టాడు. ఆ గోల్ ఎలా పడిందో తాను సరిగ్గా చూడలేదని లివర్‌పూల్ కోచ్ క్లాప్ కూడా తర్వాత చెప్పాడు. అప్పటికి ట్రెంట్‌కు ఇరవై ఏళ్లు. ఇంత ఉంది అందులో! కొన్ని క్షణాల పనికి పది వాక్యాలు రాసినా ఎక్కువ కాదు. సంబరాలకు మాత్రం రెండు చాలు, అవి అన్ని చోట్లా ఒకేలా ఉంటాయి.

నువ్వు అసలు పట్టించుకోని మనిషి ఒకడున్నాడు, బార్సా డిఫెండర్ జోర్డి ఆల్బా. తొలి అంచెలో సువారెజ్ కొట్టిన మొదటి గోల్‌కు బంతి అందించింది అతనే. ఆన్‌ఫీల్డ్‌లో 7వ నిమిషంలో తలతో అతను వెనక్కి వేసిన బంతి లివర్‌పూల్ ఆటగాడు మానేకు దొరికి మొదటి గోల్ అయింది. 54వ నిమిషంలో అతని దగ్గర ట్రెంట్ లాక్కున్న బంతి లివర్‌పూల్ ఆటగాడు వైనాల్డమ్ గోల్ అయింది. రెండు నిమిషాలకు వైనాల్డమే మళ్లీ తలతో కొట్టాడు. అంతకు ముందు ఏడాది రోమ్‌లో బార్సా 4-1 ఆధిక్యంతో వెళ్లి 3-0తో ఓడి ఇంటికి వచ్చింది, ఆ రోజూ ఆల్బా మైదానంలో ఉన్నాడు. ఈ ఒక్క మనిషి వెంట నడిస్తే రెండు అంచెలూ వాటంతట అవే ఒక కథ అవుతాయి. కాకపోతే అతన్ని విలన్ చెయ్యకు. ఆరు రోజుల్లో ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పు చాలు, పాఠకుడి మనసు తనంతట తానే కదులుతుంది.

మనసు అంటే గుర్తొచ్చింది, 'కసితో రగిలిపోతూ మైదానంలో దిగిన వైనాల్డమ్' అని రాశావు. ఇది నువ్వు ఊహించి రాసి ఉంటే తప్పే, కానీ అదృష్టం కొద్దీ నిజం. తనను మొదటి జట్టులో పెట్టనందుకు క్లాప్ మీద చాలా కోపం వచ్చిందని మ్యాచ్ తర్వాత అతనే చెప్పాడు. జట్టు సహచరుడు రాబర్ట్‌సన్ గాయపడటంతో విరామం తర్వాత వచ్చి, రెండు నిమిషాల తేడాలో రెండు గోల్స్ కొట్టాడు. అతను అన్నాడు కాబట్టి, అన్నాడని రాయి. మెస్సీ ఏం అనుకుంటున్నాడో, ఆల్బా లోపల ఏమైపోయాడో మనకు తెలియదు. వాళ్లు తల దించుకున్నారా, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారా, అది కనబడుతుంది, అది రాయి.

నా అనుభవం ఒకటి చెబుతాను. మరుసటి రాత్రే ఆమ్‌స్టర్‌డామ్‌లో మరో సెమీఫైనల్ రెండో అంచెలో అయాక్స్, టోటెన్‌హామ్ ఆడాయి. మనకు ఈ మ్యాచ్‌లు రాత్రి పన్నెండున్నరకు మొదలవుతాయి, పేపర్ పేజీలు అంతకు ముందే వెళ్లిపోతాయి, వెబ్‌సైట్ కోసం మేలుకుని రాయాలి. విరామానికి అయాక్స్ 2-0, లండన్‌లో గెలిచింది కలిపితే 3-0. 'యువ అయాక్స్ ఫైనల్‌కు' అని మొదటి పేరా ముందే రాసి పెట్టుకున్నాను. టోటెన్‌హామ్ ఆటగాడు లూకాస్ మౌరా రెండు కొట్టాడు. అయినా నేను ఆ పేరాను చెరపలేదు, టీవీ వైపు సగం, నా వాక్యాల వైపు సగం చూస్తూ కూర్చున్నాను. 96వ నిమిషంలో మౌరా మూడోది కొట్టి టోటెన్‌హామ్‌ను ఫైనల్‌కు పంపినప్పుడు నేను కామా సరిచేస్తున్నాను. ఆ గోల్‌కు దారి తీసిన పాస్‌లు నేను చూడనేలేదు. అయాక్స్ కుర్రాళ్లు గడ్డి మీద కుప్పకూలి ఉన్నారు, నా దగ్గర రాయడానికి ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఆఖరి విజిల్ పడేదాకా మొదటి వాక్యం ముట్టుకోను. నోట్‌బుక్‌లో నిమిషాలు, పేర్లు, చూసినవి రాసుకుంటాను, అంతే.

లివర్‌పూల్ స్టార్ సలా గాయంతో ఆడలేక స్టాండ్స్‌లో వేసుకుని కూర్చున్న ఆ 'నెవర్ గివ్ అప్' నల్ల టీషర్టుతో మొదలుపెట్టకు, ప్రపంచమంతా దానితోనే మొదలుపెట్టింది. నీ వ్యాసంలో మూడో పేజీలో ఒక వాక్యం ఉంది చూడు, 'గోల్ పడ్డాక కూడా బార్సా డిఫెండర్ ఒకడు రెఫరీ వైపు చూస్తున్నాడు, ఏదో పొరపాటు జరిగిందని ఎవరైనా చెబుతారేమో అన్నట్టు' అని. అది నువ్వు చూసి రాసిన వాక్యం, ఎక్కడా అరువు తెచ్చుకోలేదు. అక్కడ మొదలుపెట్టు.

ఈ ఆదివారం తొలి అంచె మళ్లీ చూడు, తొంభై నిమిషాలూ, ఆల్బా ఒక్కడినే. సోమవారానికి కొత్తగా రాసి పంపు, తొమ్మిది వందల పదాలు దాటనివ్వకు. చదివి ఫోన్ చేస్తాను.

ప్రేమతో,
అన్నయ్య